గ్రహణం మొర్రి ఆపరేషన్‌కు బిడ్డను తీసుకెళ్లే ముందు

ఖర్చుకు భయపడి ఆగకండి. పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఉచితంగా చికిత్స చేయించే లోపాల్లో ఇదీ ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. స్మైల్ ట్రైన్ అనే స్వచ్ఛంద సంస్థ సాయమందే ఆసుపత్రుల్లోనూ ఉచితమే.

☐ సాధారణంగా 10 వారాల వయసు, నాలుగున్నర కిలోల బరువు, 10 గ్రాముల హిమోగ్లోబిన్ చూస్తారు. బరువు దగ్గరే చాలామంది ఆగిపోతారు. తల ఎత్తిపట్టి, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పాలు పట్టండి, మధ్యమధ్య భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించండి.

☐ గ్రహణం నాడు బయటికెళ్లావని తల్లిని ఎవరూ అనొద్దు. అది కారణం కాదు. ఆమె అప్పటికే కుమిలిపోతుంటుంది.

☐ జలుబు, దగ్గు, జ్వరం ఉంటే బయల్దేరకముందే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

☐ మత్తుకు 4 గంటల ముందు తల్లిపాలు, 6 గంటల ముందు పోతపాలు ఆపాలి. డాక్టరు చెప్పిన టైమే లెక్క. దేవరకొండలోనో అచ్చంపేటలోనో తెల్లవారుజామున బస్సెక్కాక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే నాయనమ్మ మనసాగక రెండు చెంచాలు పట్టేస్తుంది. మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పట్టి ఉంటే దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు.

☐ రేషన్ కార్డు, ఆధార్, టీకాల కార్డు, మెత్తటి పాత నూలుగుడ్డలు నాలుగు.