గిట్ స్వయంబోధిని – 3వ పాఠం: చరిత్రలో చేరిన పాస్‌వర్డ్

గత పాఠంలో ఉల్లి మండీ పట్టీ (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీ) లెక్కవేసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌ను ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఫైళ్లలోని మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనంలోని 'గిట్ ఇనిట్', 'గిట్ యాడ్', 'గిట్ కమిట్' అనే మూడు ఆదేశాలతో దాని చరిత్రను మొదలుపెట్టాము. కమిట్ అంటే ఆ చరిత్రలో ఒక నమోదు. ఈ వారం బ్రాంచీల (చరిత్రలో విడిగా నడిచే శాఖల) గురించి రాయాలనుకున్నాను. అయితే ఆదివారాలు కర్నూలులో మా ఇంటికి వచ్చి నేర్చుకునే ఆరుగురి ఫోల్డర్లను తెరిచి చూసినప్పుడు, నలుగురివాటిలో డేటాబేస్ పాస్‌వర్డ్ రాసి ఉంచిన 'తాళం' అనే ఫైలు కూడా కమిట్‌లో చేరిపోయి కనిపించింది. 'గిట్ యాడ్' పక్కన చుక్క పెట్టమని చెప్పింది నేనే. ఆ చుక్కకు 'ఈ ఫోల్డర్‌లో ఉన్నదంతా' అని అర్థమని నొక్కి చెప్పకపోవడం నా పాఠంలోని లోపం. కాబట్టి బ్రాంచీలను తరువాతి పాఠానికి వదిలి, ఈ పాఠమంతా కమిట్‌లోకి ఏది వెళ్తోందో చూసుకోవడం మీదనే నడుపుతాను. ఆదేశాలను ఎప్పటిలాగే పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఆంగ్ల లిపినే వాడాలి.

ముందుగా ఒక చిన్న చిక్కును తీర్చుకుందాం. ఫైలుకు 'ఉల్లి' అని తెలుగులో పేరు పెట్టినవారికి 'గిట్ స్టేటస్'లో ఆ పేరుకు బదులుగా \340\260\211 అని మొదలయ్యే అంకెల వరుస కనిపించి, ఫైలు చెడిపోయిందన్న భయం కలిగింది. ఫైలుకు ఏమీ కాలేదు. అక్షరాలను బైట్లుగా నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులోని ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడతాయి. గిట్ వాటిని అష్టాంశ (ఆక్టల్, అంటే 0 నుండి 7 వరకు అంకెలతో రాసే) సంఖ్యలుగా చూపుతోంది, ఆ మొదటి మూడూ కలిస్తే 'ఉ'. 'గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్' అని ఒక్కసారి ఇస్తే ఇకపై పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. పాస్‌వర్డ్ చేరిపోయిందని తెలిసిన వెంటనే నలుగురూ ఒకే పని చేశారు: '.గిట్‌ఇగ్నోర్' అనే ఫైలు సృష్టించి, అందులో 'తాళం' అని ఒక వరుస రాసి, మళ్లీ కమిట్ చేసి, సమస్య తీరిందనుకున్నారు. తీరలేదు. ఆ ఫైలులో రాసిన పేర్లు గిట్ ఇంకా తన జాడలోకి తీసుకోని ఫైళ్లకే వర్తిస్తాయి; ఒకసారి జాడలోకి వచ్చిన ఫైలు పేరు అక్కడ ఎన్నిసార్లు రాసినా, దానిలోని మార్పులను గిట్ యథాప్రకారం గమనిస్తూనే ఉంటుంది. 'గిట్ ఎల్ఎస్-ఫైల్స్' అని ఇచ్చి చూడండి. ఆ జాబితాలో 'తాళం' ఉందంటే అది ఇంకా జాడలోనే ఉంది. దానిని జాడ నుండి తప్పించి, మన డిస్కులో మాత్రం అలాగే ఉంచాలంటే 'గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్ తాళం' అని ఇచ్చి కమిట్ చేయాలి. ఇందులో '--క్యాష్డ్' మరచిపోతే డిస్కులోని ఫైలు కూడా తొలగిపోతుంది.

ఇంత చేసినా పాస్‌వర్డ్ బయటపడలేనంతగా పోయిందని అనుకోకూడదు. మండీలో గుమాస్తా చిట్టాలో తప్పు పద్దు రాస్తే పేజీని చింపడు. దానిని కొట్టివేసి, కింద సరైన పద్దు రాస్తాడు, కొట్టివేసిన అంకె మాత్రం గీత కింద చదవడానికి వీలుగానే ఉంటుంది. గిట్‌లో 'తొలగింపు' అంటే ఇదే. మొదటి కమిట్‌లో ఫైలు ఉండి, మూడవ కమిట్‌లో దానిని తీసివేస్తే, మూడవదానిలో లేదన్నది ఎంత నిజమో మొదటిదానిలో ఉన్నదన్నదీ అంతే నిజం. 'గిట్ లాగ్ -పీ' అని ఇచ్చిన ఎవరికైనా ఆ పాస్‌వర్డ్ అక్షరాలా కనిపిస్తుంది.

గిట్ నిర్మాణమే అలాంటిది. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ పని కోసం దీనిని రాసినప్పుడు, లోపలి సమాచారం ఎక్కడ చెడినా తెలిసిపోవాలన్నది ఆయన పెట్టుకున్న ప్రధాన లక్ష్యాలలో ఒకటి. మీరు చూస్తున్న 40 అక్షరాల కమిట్ సంఖ్య అందులోని విషయం నుండి, దాని ముందరి కమిట్ సంఖ్య నుండి లెక్కగట్టినదే. పాత కమిట్‌లో ఒక్క అక్షరం మార్చినా దాని సంఖ్యతో పాటు ఆ తరువాతి సంఖ్యలన్నీ మారిపోతాయి.

మరి ఏమి చేయాలి? కోడ్‌ను గిట్‌హబ్ వంటి బయటి చోటికి పంపి ఉంటే, అన్నిటికంటే ముందు డేటాబేస్‌లో పాస్‌వర్డ్‌ను మార్చండి. చరిత్రను శుభ్రం చేయడం ఆ తరువాతి మాట, ఎందుకంటే ఈలోగా ఎవరు నకలు తీసుకున్నారో మనకు తెలియదు. బయటికి పంపకుండా, పొరపాటు చివరి కమిట్‌లోనే జరిగి ఉంటే, పైన చెప్పిన '--క్యాష్డ్' ఆదేశం తరువాత చివరి కమిట్‌ను సరిదిద్దే 'గిట్ కమిట్ --అమెండ్' చాలు. మన ఫోల్డర్‌లాగా నాలుగైదు కమిట్‌లే ఉన్నచోట, దాగి ఉన్న '.గిట్' ఫోల్డర్‌ను తొలగించి, ముందు '.గిట్‌ఇగ్నోర్' రాసుకుని, మళ్లీ 'గిట్ ఇనిట్'తో మొదలుపెట్టడమే నా సలహా. చరిత్ర పోతుంది కానీ ప్రోగ్రామ్ పోదు. నోట్‌ప్యాడ్ వాడేవారు '.గిట్‌ఇగ్నోర్' పేరు చివర '.టీఎక్స్‌టీ' చేరిందేమో చూసుకోవాలి; చేరితే గిట్ ఆ ఫైలును పట్టించుకోదు.

ఇకపై చుక్కను వదిలి, ఫైళ్ల పేర్లు రాసి యాడ్ చేయండి. యాడ్ చేయడమంటే బస్తాను కాటా మీదికి ఎక్కించడం. కమిట్ అంటే పద్దు రాయడం. పద్దు రాసే ముందు కాటా మీద ఏముందో 'గిట్ డిఫ్ --స్టేజ్డ్' చూపుతుంది. నేను కమిట్‌కు ముందు ప్రతిసారీ దానిని చదువుతాను. నాకు అన్నిటికంటే నచ్చిన ఆదేశం 'గిట్ యాడ్ -పీ'. ఇది ఫైలులోని మార్పులను ముక్కలుగా చూపి ఒక్కొక్కదానికి అనుమతి అడుగుతుంది. చేర్చడానికి 'వై', వదలడానికి 'ఎన్', ముక్కను ఇంకా చిన్నదిగా చేయడానికి 'ఎస్' నొక్కాలి. రెండు మార్పుల మధ్య మారని వరుస ఒక్కటైనా ఉంటేనే 'ఎస్' పని చేస్తుంది. కమిట్ సందేశాలను నేను తెలుగులోనే రాస్తాను: 'హమాలీ కూలి బస్తాకు 8 నుండి 10కి మార్పు' అన్న సందేశం ఆరు నెలల తరువాత కూడా నాకు అర్థమవుతుంది, 'అప్‌డేట్' అన్నది అర్థం కాదు.

అభ్యాసానికి గంటన్నర పడుతుంది, దయచేసి తగ్గించకండి. కొత్త ఫోల్డర్‌లో ఉత్తుత్తి పాస్‌వర్డ్‌తో 'తాళం' ఫైలును కావాలనే కమిట్ చేయండి, తరువాత '.గిట్‌ఇగ్నోర్' రాసి, ఫైలులో ఒక అక్షరం మార్చి, 'గిట్ స్టేటస్' ఏమంటుందో కాగితం మీద రాసుకోండి. '--క్యాష్డ్'తో జాడ తప్పించి, మరో రెండు కమిట్‌లు చేసి, చివరికి ఒక కమిట్‌లోని విషయాన్ని చూపే 'గిట్ షో'తో మొదటి కమిట్ నుండి ఆ పాస్‌వర్డ్‌ను మళ్లీ బయటికి తీయండి. ఆ తరువాత పట్టీ ప్రోగ్రామ్‌లో హమాలీ కూలి, కమీషన్ శాతం రెండింటినీ ఒకేసారి మార్చి, '-పీ' సాయంతో వాటిని రెండు వేర్వేరు కమిట్‌లుగా విడదీయండి. ఈ రెండవ భాగం పూర్తయిన ఫోల్డర్‌ను అలాగే ఉంచండి. బ్రాంచీల పాఠం దానిమీదనే మొదలవుతుంది.