ఎయిర్ ఫోర్క్ మొండికేస్తోందా? విప్పే ముందు గాలి చూడండి

ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే రెండు పైపుల జతే ఫోర్కు. అందులో స్ప్రింగుకు బదులు గాలి ఉంటే ఎయిర్ ఫోర్క్. మా అనంతపురం వైపు డర్ట్ బైక్ అంటే ఎక్కువ మందికి హీరో ఎక్స్‌పల్సే. అందులో స్ప్రింగు ఫోర్కు కాబట్టి ఈ తలనొప్పి లేదు. ఇది మోటోక్రాస్ బండి కొని టాటా ఏస్‌లో వేసుకుని తిరిగేవాళ్ల కోసం. కేటీఎం ఎస్ఎక్స్-ఎఫ్ లాంటి బండ్లలో ఎడమ పైపులో గాలి, కుడి పైపులో డ్యాంపింగ్ (ఫోర్కు ఊగిపోకుండా ఆయిలుతో అదుపు చేసే ఏర్పాటు) ఉంటాయి. ఎడమ పైపులో స్ప్రింగు ఉండదు. 10 బార్‌కు (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) అటూఇటూగా నింపిన గాలే స్ప్రింగు పని చేస్తుంది. మీ బండికి ఎంత నింపాలో మాన్యువల్లో ఉంటుంది.

సమస్య: పొద్దున బాగుంది, ఎండెక్కేసరికి కర్రలా బిగుసుకుంది

మే నెలలో తాడిపత్రి దగ్గర పెన్నా ఇసుకలో నాకే జరిగింది. ఆరు గంటలకు ఇంటి దగ్గర 10 బార్ పెట్టుకుని బయల్దేరాను. పదకొండయ్యేసరికి హ్యాండిల్ అరచేతుల్ని వాయించేస్తోంది. క్లిక్కర్లు (డ్యాంపింగ్ గట్టిగా, మెత్తగా మార్చే మరలు) అటు తిప్పి, ఇటు తిప్పి గంటసేపు కుస్తీ పట్టాను. చివరికి పంపు తగిలిస్తే ముల్లు 10.7 దాటి ఉంది.

మూసిన గదిలో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, అంతే. 25 డిగ్రీల దగ్గర 10 బార్ పెడితే, 45 డిగ్రీలకు అది సుమారు 0.7 బార్ పెరుగుతుంది. బండి నడిచేటప్పుడు ఫోర్కు తనంతట తానూ వేడెక్కుతుంది, అది అదనం.

గాలిని ఇంటి దగ్గర కాదు, నడిపే చోట, నీడలో, ఫోర్కు చల్లగా ఉన్నప్పుడు పెట్టండి. ఎండ ముదిరితే మధ్యలో బండిని చెట్టు కింద నిలిపి, చల్లారాక మళ్లీ చూడండి. మార్చేటప్పుడు ఒక్కసారికి 0.2 బార్ చాలు. ఆ తర్వాతే క్లిక్కర్ల జోలికి వెళ్లండి.

సమస్య: చూసిన ప్రతిసారీ గాలి తగ్గుతోంది

చాలాసార్లు అది లీకు కాదు. పంపు తగిలించగానే ఫోర్కులోని గాలి కొంత పంపు గొట్టంలోకి వెళ్తుంది, అందుకే ముల్లు తక్కువ చూపిస్తుంది. కావలసిన అంకె వచ్చేదాకా కొట్టి తీసేయండి. తీసేటప్పుడు వినిపించే 'స్స్' గొట్టంలోని గాలిది, ఫోర్కుది కాదు. దీనికి షాక్ పంపే (ఫోర్కుల కోసమే చేసిన, ముల్లున్న చిన్న చేతి పంపు) వాడాలి. పంక్చర్ షాపు కంప్రెషర్‌తో వద్దు. ఫోర్కులో గాలి పట్టే చోటు చాలా చిన్నది, ఎంత ఎక్కిందో తెలిసేలోపే ఎక్కేస్తుంది.

సమస్య: తెల్లారేసరికి ముందు భాగం కూర్చుంది

ఇది నిజమైన లీకే. ముందు వాల్వు మీద సబ్బు నురుగు రాయండి. ఆవగింజంత బుడగ ఉబ్బుతూ వస్తే వాల్వ్ పిన్ను వదులైనట్టు. బిగిస్తే సరిపోతుంది, లేదంటే పిన్ను మార్చాలి.

బుడగ రాకపోతే లోపలి గాలి సీలును అనుమానించాలి. రాడ్డు మీద ఆయిలు కారుతుంటే అది బయటి సీలు సంగతి. తాడిపత్రి బండల ఫ్యాక్టరీల వైపు తిరిగొస్తే రాడ్డు మీద తెల్లటి పిండి విభూతి గీతలా అంటుకుంటుంది. తడి తగిలితే అదే గరుకు పేస్టు అయ్యి సీలు అంచును కోసేస్తుంది. డస్ట్ సీలు (దుమ్మును ఆపే బయటి రబ్బరు) కిందికి జరిపి పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము ముక్కతో చుట్టూ శుభ్రం చేస్తే కొన్ని ఆయిలు లీకులు ఆగిపోతాయి.

ఫోర్కు కిందికి దిగి, ఎంత లాగినా పూర్తిగా పైకి రాకపోతే, లోపలి పిస్టన్ సీలు దాటి గాలి అవతలి గదిలోకి చేరి ఉండొచ్చు. అప్పుడు నడపొద్దు. సీల్ కిట్ మార్చాల్సిందే, అది చేయి తిరిగిన మెకానిక్ పని. ఎవరు విప్పినా ముందు గాలి మొత్తం తీసేయాలి. గాలి ఉండగా పైమూత తిప్పితే అది ఎగిరొచ్చి ముఖానికి తగులుతుంది.

సమస్య: గాలి సరిగ్గానే ఉంది, చిన్న రాళ్లకే చేతులు అదురుతున్నాయి

చక్రం తీసి బిగించాక మొదలైతే యాక్సిల్ సరిగ్గా కూర్చోలేదు. యాక్సిల్ పట్టే బోల్టులు వదులు చేసి, ఫోర్కును నాలుగైదు సార్లు నొక్కి వదిలి, మళ్లీ బిగించండి. ముందు చక్రం గాల్లో ఉండేలా బండిని స్టాండు మీద పెట్టి, పైనున్న బ్లీడ్ స్క్రూ వదిలి లోపల చేరిన గాలి తీసేయడం కూడా మరవద్దు. ఆ స్క్రూ వేరు, గాలి కొట్టే వాల్వు వేరు.

సమస్య: బ్రేకు పట్టగానే మూతి దించుతోంది

ఇది రోగం కాదు, గుణం. గాలి స్ప్రింగు మొదట బిర్రుగా, మధ్యలో మెత్తగా, చివర్లో ఒక్కసారిగా గట్టిగా ఉంటుంది. 0.2 బార్ పెంచి, కంప్రెషన్ (ఫోర్కు కిందికి దిగే వేగాన్ని ఆపే) క్లిక్కర్ రెండు క్లిక్కులు బిగిస్తే కొంత నయం. పూర్తిగా పోదు. హోండా సీఆర్ఎఫ్450ఆర్ 2017లో, కవాసకీ కేఎక్స్450 2019లో మళ్లీ స్ప్రింగుకే వెళ్లాయి.

మరి గాలి ఎందుకంటే, బండి బరువు కిలో పైనే తగ్గుతుంది. నడిపేవాడి బరువును బట్టి మార్చుకోవడమూ తేలిక. నేను 84 కిలోలు, మా బామ్మర్ది 58. వాడు ఎక్కే ముందు రెండు నిమిషాల్లో గాలి తగ్గించి ఇచ్చేస్తాను. స్ప్రింగైతే వాడి బరువుకు తగ్గది రెండు వందల కిలోమీటర్ల అవతల బెంగళూరు నుంచి తెప్పించాలి. కానీ ఊరికి దూరంగా ఒంటరిగా తిరిగేవాళ్లకు స్ప్రింగు కిట్ వేయించుకోమనే చెబుతాను. స్ప్రింగు ఫోర్కు ఆయిలు కారుతున్నా ఇల్లు చేరుస్తుంది, గాలి పోయిన ఫోర్కు చేర్చదు.

నా బండిలో ఇప్పటికీ గాలే. పంపు మాత్రం ఎవరికీ అరువివ్వను.