నల్లని దుస్తుల మీద వెండి చోకర్ వెలవెలబోతుంటే: నా అనుభవం

నలుపు, ముదురు నీలం దుస్తులంటే నాకెంతో ఇష్టం. అయితే వాటి మీద వేసుకున్న వెండి చోకర్ (మెడను అంటిపెట్టుకుని ఉండే పొట్టి నగ) మెరవడానికి బదులు బట్టలో కలిసిపోయినట్టు మసకగా కనిపించేది.

925 ముద్ర ఉన్న నగలో 92.5 శాతం వెండి, మిగిలినది ఎక్కువగా రాగి ఉంటాయి. గాలిలోని గంధక సమ్మేళనాల వల్ల దాని మీద సిల్వర్ సల్ఫైడ్ నల్లని పొరగా పేరుకుంటుంది. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరచి, దానికి తగిలేలా చోకర్‌ను ఉంచి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోయగా, ఆ పొర విడిపోయి వెండి మళ్లీ తెల్లగా తేలింది. ముత్యాలు, అతికించిన రాళ్లు ఉన్న నగలకు ఈ పద్ధతి వాడకూడదు. కావాలని నల్లబరిచిన ఆక్సిడైజ్డ్ నగలకు అసలే వద్దు, ఎందుకంటే చెక్కడపు లోతును చూపించే ఆ నలుపే వాటికి ప్రాణం.

మెరుపు వచ్చాక మిగిలింది మెడ అమరిక. చోకర్లు సాధారణంగా 35 నుంచి 40 సెంటీమీటర్ల పొడవుంటాయి కాబట్టి, ఎత్తైన కాలర్ ఉన్న దుస్తుల్లో అవి అంచుకు తగిలి నలిగిపోతాయి. వెడల్పాటి మెడ లేదా వీ నెక్ ఉంటే నగకూ బట్టకూ నడుమ చర్మం కనిపించి వెండి విడిగా నిలుస్తుంది. మెరుపు లేని నల్లని నూలు మీద నునుపైన వెడల్పాటి పట్టీ, వెల్వెట్ మీద సన్నని గొలుసు నాకు బాగా నచ్చాయి.

ఉన్నిలోనూ గంధకం ఉంటుంది కనుక, చోకర్‌ను ఉన్ని దుస్తుల మధ్య కాకుండా గాలి చొరని సంచిలో దాస్తున్నాను.