బిగుసుకుపోయిన టర్బో – 5వ పాఠం: వేన్‌ల మసి వదిలించడం

గత పాఠంలో గాలి గొట్టాలు, క్లాంపులు చూశాం. ఎక్కడా లీకు లేదు, అయినా బండి లాగడం లేదంటే ఇక టర్బో (పొగ ఊపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) దగ్గరికి రావాలి. కడప నుంచి రాయచోటి వెళ్లే బండ్లలో ఈ జబ్బు గువ్వలచెరువు ఘాట్ దగ్గర బయటపడుతుంది. చదునైన రోడ్డు మీద బాగానే నడిచిన పికప్, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ కక్కుతూ రెండో గేరుకు దిగిపోతుంది.

ఈ పాఠం వేన్‌లు (టర్బైన్ చక్రం చుట్టూ ఉండే చిన్న పలకలు) కదిలే టర్బోలకే వర్తిస్తుంది. పొలంలో నీళ్ల పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే ధార దూరం పడుతుంది కదా, వేన్‌లు చేసే పని అదే. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దగ్గరికి మూసుకుని, పొగను వేగంగా టర్బైన్ చక్రం మీదికి కొడతాయి. వేగం పెరిగితే తెరుచుకుంటాయి. మసి పేరుకుని తెరిచిన చోటే ఆగిపోతే, కింది వేగంలో బలం ఉండదు. మూసిన చోట ఆగిపోతే గాలి ఒత్తిడి హద్దు దాటి, కంప్యూటర్ ఇంజిన్ బలాన్ని తగ్గించేస్తుంది. ఊళ్లో కొద్దికొద్ది దూరాలే తిరిగే బండ్లలో ఈ మసి త్వరగా పడుతుంది.

ముందు విప్పకుండా చూడండి. వేన్‌లను కదిలించే యాక్చుయేటర్ వ్యాక్యూమ్‌తో (గాలి లాగేసిన ఖాళీతో) పనిచేసేదైతే, ఒకరు ఇంజిన్ స్టార్ట్ చేస్తుంటే మరొకరు దాని కడ్డీని గమనించాలి. చాలా బండ్లలో స్టార్ట్ కాగానే కడ్డీ లోపలికి లాగబడుతుంది, ఆపగానే వెనక్కి వస్తుంది. కదలకపోతే చేతి పంపుతో వ్యాక్యూమ్ ఇవ్వండి. పంపు మీటరు ముల్లు నిలవకుండా పడిపోతే యాక్చుయేటర్ లోపలి పొర చిరిగింది, తప్పు వేన్‌లది కాదు. ముల్లు నిలిచి, కడ్డీ మాత్రం తడబడుతూ, ఆగి ఆగి కదిలితే మసి పట్టినట్లే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక టర్బో దించండి. ఎగ్జాస్ట్ బోల్టులకు తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే పట్టించండి. తొందరపడితే బోల్టు తల తెగుతుంది. టర్బైన్ వైపు గుల్లనూ మధ్య భాగాన్నీ విడదీసే ముందు అంచు మీద గీత గీసుకోండి. వేన్‌ల కదలికకు హద్దు పెట్టే స్టాప్ స్క్రూను మాత్రం తాకవద్దు, ఫ్యాక్టరీలో కొలిచి బిగించినది అది.

ఇప్పుడు టర్బో చక్రాలు బిగించి ఉండే షాఫ్ట్‌ను వేళ్లతో పట్టి చూడండి. పక్కలకు కొద్దిగా ఆడటం సహజం, నూనె పొర మీద తేలుతూ తిరిగే షాఫ్ట్ అది. కానీ ముందుకూ వెనక్కూ కదలిక చేతికి తెలిసినా, చక్రం రెక్కలు గోడకు ఒరుసుకున్న గుర్తులు కనిపించినా శుభ్రం చేయడం వృథా, మార్చాల్సిందే. నిమిషానికి లక్ష చుట్లు దాటే వస్తువుతో సర్దుకుపోవడం కుదరదు. నా దగ్గరికి వచ్చిన ఒక అరటి లోడు బండికి టర్బో మార్చాలని అంతకు ముందే ఎవరో చెప్పి పంపారు. విప్పితే షాఫ్ట్ చక్కగా ఉంది, వేన్‌లన్నిటినీ కలిపి తిప్పే రింగు మాత్రం గోరు దిగనంత మసిలో కూరుకుపోయింది. కొత్త టర్బో అవసరమే పడలేదు.

వేన్‌ల మీద కార్బన్ కరిగించే ద్రవం వేసి, నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. ఎమరీ పేపరు వద్దు. ద్రవం మధ్యలోని బేరింగులలోకి దిగకుండా చూసుకోండి. రింగును ఒక్క వేలితో తోస్తే వేన్‌లన్నీ కలిసి కదలాలి, అంతవరకూ వదలకండి. గ్రీజు పూయకండి, ఆ వేడికి కాలి మళ్లీ గట్టిపడుతుంది.

బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవే వేయండి. నూనె వచ్చే సన్న గొట్టాన్ని లోపల శుభ్రం చేయండి. అది మూసుకుపోతే కొత్త టర్బో కూడా నిలవదు. ఆ గొట్టం కలిసే టర్బో రంధ్రంలో శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోసి, షాఫ్ట్‌ను చేత్తో నాలుగైదు చుట్లు తిప్పాకే గొట్టం కలపండి. స్టార్ట్ చేశాక కొన్ని నిమిషాలు యాక్సిలరేటర్ తొక్కకండి.

తరువాత లోడుతో ఘాట్ ఎక్కించి చూడండి. దిగి వచ్చి, ఇంజిన్ చల్లారాక ఆ నూనె గొట్టం అతుకు దగ్గర నూనె చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడండి.