పాత పోర్షే 911 ఇంజన్‌లో కొత్త శబ్దం: ఇంజన్ విప్పే ముందు చేయవలసిన పరీక్షలు

1990ల చివరి నుంచి 2008 వరకు వచ్చిన పోర్షే బాక్‌స్టర్, కేమన్, మామూలు 911 కార్లలో ఉండేది నీటితో చల్లబడే ఆరు సిలిండర్ల ఫ్లాట్ ఇంజన్ (ఇరువైపులా మూడేసి సిలిండర్లు అడ్డంగా ఉండేది). దానికి మొదట ఎం96 అని, తరువాత ఎం97 అని పేరు. అదే కాలపు 911 టర్బో, జీటీ3 కార్లలోని ఇంజన్ నిర్మాణమే వేరు కనుక ఇక్కడ చెప్పే విషయాలన్నీ వాటికి వర్తించవు. ఈ ఇంజన్‌లో ఏ చిన్న టకటక వినిపించినా యజమాని మనసు మొదట పోయేది ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ మీదికే. పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ నుంచి చైన్ల ద్వారా, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పే ఆ షాఫ్ట్‌కు గేర్‌బాక్స్ వైపు కొసన ఉండే బేరింగ్ విరిగితే ఇంజన్ మొత్తం పోతుంది కాబట్టి ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే ఆ బేరింగ్ చెవికి తెలిసేంత హెచ్చరిక ఇవ్వకుండానే విరిగిన సందర్భాలు ఉన్నాయి. చెవికి తెలిసే శబ్దాలకు సాధారణంగా వేరే కారణాలుంటాయి. అందువల్ల శబ్దం వినగానే రోగం పేరు పెట్టకుండా, ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి ఒక్కొక్క అనుమానాన్నీ తొలగించుకుంటూ పోవడమే సరైన పద్ధతి.

అన్నిటికంటే ముందు ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్ ఒత్తిడి చూపే మీటరు ఉన్న కార్లలో, ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత ఆ ముల్లు ఎప్పుడూ ఉండే చోటికంటే కిందికి దిగిందేమో గమనించాలి. ఒత్తిడి తగ్గినా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు లోతైన దబదబ శబ్దం పెరిగినా అది పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. అప్పుడు ఇంజన్ వెంటనే ఆపి, బండిని లారీ మీద తరలించాలి. ఇంటిదాకా నెమ్మదిగా నడుపుకుపోదామనుకుంటే బాగుచేయగల ఇంజన్ కూడా తుక్కుకింద మారవచ్చు.

అంత ప్రమాదం లేదని తేలితే, శబ్దం ఎప్పుడు వస్తుందో చూడాలి. రాత్రంతా నిలిచిన కారును ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కొన్ని సెకన్లపాటు వచ్చి ఆగిపోయే ట్యాపెట్ శబ్దం సాధారణంగా వాల్వులను నెట్టే హైడ్రాలిక్ లిఫ్టర్లలోంచి (ట్యాపెట్లు) దిగిపోయిన ఆయిల్ మళ్లీ నిండేవరకు ఉండేదే, దానికి కంగారు అక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వినిపించి, లోహం వేడికి వ్యాకోచించిన కొద్దీ తగ్గిపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకును అనుమానించాలి. ఈ కార్లలో మానిఫోల్డ్ బోల్టులు తుప్పు పట్టి విరగడం మామూలే. దీనికి భిన్నంగా, ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడిచేటప్పుడు) పోకుండా నిలిచిపోయే శబ్దమే ఎక్కువ విచారణ కోరుతుంది.

తరువాత లయను లెక్కించాలి. ఐడిల్ సుమారు నిమిషానికి 720 తిరుగుళ్లు అనుకుంటే క్రాంక్‌షాఫ్ట్ సెకనుకు 12 సార్లు, క్యామ్‌షాఫ్ట్ అందులో సగం, అంటే 6 సార్లు తిరుగుతాయి. ఫోన్‌లో శబ్దాన్ని రికార్డు చేసి తరంగ రూపంలో చూస్తే ఒక సెకనులో ఎన్ని దెబ్బలున్నాయో సులువుగా తెలుస్తుంది. సెకనుకు 6 వస్తే ఒకే లిఫ్టర్ కావచ్చని చాలామంది అంతటితో తృప్తిపడతారు గాని, ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌లో మంట కూడా రెండు తిరుగుళ్లకు ఒకసారే పుడుతుంది కనుక, అరిగిన పిస్టన్ సిలిండర్ గోడను కొట్టే శబ్దం కూడా అదే లయలో ఉంటుంది. లోపం ఒక సిలిండర్‌కు సంబంధించినదని మాత్రమే ఆ లెక్క సూచిస్తుంది, ఏ భాగమో చెప్పదు. ఈ రెండు లయల్లోనూ ఇమడని గరగర, కీచుమనే శబ్దాలు ఎక్కువగా బెల్టు తిప్పే భాగాలవి.

బెల్టు సంగతి తేల్చడం సులభం. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు 24 మిల్లీమీటర్ల స్పానర్‌తో టెన్షనర్‌ను తిప్పి బెల్టు తీసివేసి, ఇంజన్‌ను అర నిమిషానికి మించకుండా నడపాలి. వాటర్ పంపు ఆగి ఉంటుంది కనుక అంతకంటే ఎక్కువ సేపు వద్దు. శబ్దం పోయిందంటే వాటర్ పంపు, ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్ పంపు, ఐడ్లర్ పుల్లీలు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి, గరుకుదనం, ఆట ఉన్నాయేమో చూడాలి. బెల్టు తీసినా శబ్దం ఉంటే మ్యాన్యువల్ గేరు కారులో క్లచ్ పెడల్ నొక్కి చూడాలి. నొక్కగానే శబ్దం మారితే అనుమానం గేర్‌బాక్స్, క్లచ్ బేరింగ్, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ వైపు మళ్లుతుంది.

మెకానిక్ స్టెతస్కోపు, అది లేకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్, శబ్దం ఏ వైపు బలంగా ఉందో చెబుతుంది. కారు కిందికి వెళ్లవలసి వస్తే జాకీని మాత్రమే నమ్మకుండా తప్పక స్టాండ్లు పెట్టాలి, వదులు బట్టలను బెల్టు దగ్గరికి రానివ్వకూడదు. ఇంజెక్టర్ల సన్నని చిటచిట మామూలే. అయితే అల్యూమినియం ఇంజన్ శబ్దాన్ని దూరందాకా మోస్తుంది కనుక, స్టెతస్కోపు చూపిన చోటు ఒక దిశ మాత్రమే, రుజువు కాదు.

నా దృష్టిలో ఈ మొత్తంలో అతి విలువైన సాక్షి ఆయిల్ ఫిల్టర్. ఆయిల్ మార్చే గడువు రాకపోయినా ఫిల్టర్ విప్పి, కాగితాన్ని కోసి, మడతలు విడదీసి, తెల్లని గుడ్డ మీద పరచి ఎండలో చూడాలి. సన్నటి మెరుపు కణాలు కొద్దిగా ఉండటం ఏ ఇంజన్‌లోనైనా సహజమే. చిన్న అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి వాటి మీద తిప్పితే, అంటుకునే ఉక్కు ముక్కలు బేరింగ్ గోళీల నుంచో చైన్ల నుంచో వచ్చి ఉండవచ్చు. అంటుకోని వెండి రంగు పొరలు అల్యూమినియం కావచ్చు, అవి పిస్టన్ వైపు వేలు చూపుతాయి. గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు చైన్ గైడ్ల అరుగుదలకు గుర్తు. నల్లటి రబ్బరు ముక్కలు ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ సీలువి కావచ్చు. ఉక్కు కణాలు, రబ్బరు కలిసి కనిపిస్తే ఇక కారును నడపకూడదు. చైన్ల మీద అనుమానం ఉంటే పోర్షే వివరాలు చదవగల స్కానర్‌తో రెండు బ్యాంకుల (ఇరువైపుల సిలిండర్ల వరసల) క్యామ్‌షాఫ్ట్ విచలనం, అంటే అవి ఉండవలసిన కోణం నుంచి ఎంత తప్పాయో, చూడాలి. ఐడిల్‌లో ఆ అంకెలు నిలకడగా ఉండక ఊగుతుంటే, లేదా నెలల వ్యవధిలో పక్కకు జరుగుతుంటే చైన్లు, గైడ్లు, టెన్షనర్ల సంగతి చూడాలి.

ఫిల్టర్‌లో అల్యూమినియం కనిపించినా, వేడి ఐడిల్‌లో టకటక పోకపోయినా, ఆయిల్ ఖర్చు పెరిగినా, రెండు సైలెన్సర్ గొట్టాలలో ఒకటి మాత్రమే మసిబారినా సిలిండర్ గోడలు గీరుకుపోయాయేమో చూడక తప్పదు. ముఖ్యంగా 4, 5, 6 సిలిండర్లున్న బ్యాంకులో ఈ తెగులు ఎక్కువ. ఈ ఇంజన్లలోని లోకసిల్ (సిలికాన్ కలిపిన అల్యూమినియం) గోడల మీద పిస్టన్ పూత పోయాక అల్యూమినియం నేరుగా రాసుకుంటుంది. ముందుగా స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒకటి మిగతావాటికంటే నల్లగా తడిగా ఉందేమో చూడాలి. ప్లగ్గు రంధ్రం నుంచి బోర్‌స్కోప్ (సన్నని కెమెరా గొట్టం) దించి గోడ శుభ్రంగా ఉందని చెప్పే మెకానిక్ మాటను నేనైతే పూర్తిగా నమ్మను, ఎందుకంటే గీతలు తరచుగా గోడ అడుగు భాగంలో మొదలవుతాయి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ విప్పి, పిస్టన్‌ను పై చివరకు జరిపి, కింది నుంచి బోర్‌స్కోప్ పంపి చూసినప్పుడే నిజం తెలుస్తుంది. కొనబోయే కారుకు ఈ పరీక్ష ఖర్చు ఎక్కువనిపించినా చేయించడమే మంచిది.

కింది నుంచి చూసినా గోడలు శుభ్రంగా ఉండి, ఫిల్టర్‌లోనూ ఏమీ లేకపోతే అది లిఫ్టర్ శబ్దమే అయ్యే అవకాశం ఎక్కువ. ఆయిల్ మార్చి, కొంత దూరం నడిపి, మళ్లీ ఫిల్టర్ కోసి చూస్తే సరిపోతుంది. బేరింగ్ మీద అనుమానం ఇంకా మిగిలితే గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ దించాలి గనుక ఆ పనిని క్లచ్ మార్పిడితో కలిపి పెట్టుకోవడం లాభం. సుమారు 2006 నుంచి వచ్చిన ఇంజన్లలో పెద్ద బేరింగ్ ఉంటుంది, ఇంజన్ రెండు భాగాలుగా విడదీయకుండా అది బయటికి రాదు. అందుకే ఎవరైనా బేరింగ్ మార్చుతామని ధర చెప్పినప్పుడు, ముందుగా ఇంజన్ నంబరు చూసి అందులో ఏ రకం బేరింగ్ ఉందో వారిచేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.