వాచీ చేతికి కుదరట్లేదా? తప్పు డయల్‌దా, పట్టీదా?

స్మార్ట్‌వాచ్ పెట్టె మీద 40, 44, 46 అని ఉంటే సైజు తెలిసిపోయిందనుకుంటాం. గుండ్రటి వాచీలో అది సుమారుగా డయల్ వ్యాసం. ఆపిల్ వాచీలో అది నిలువు కొలత. 44 మి.మీ. ఆపిల్ వాచీ అడ్డంగా 38 మి.మీ. మాత్రమే, గుండ్రటి 44 ఎటు చూసినా 44. అందుకే ఒకే అంకె ఉన్న రెండు వాచీలు చేతి మీద వేరుగా కనిపిస్తాయి.

అంచులు మణికట్టు దాటి బయటికి వస్తున్నాయి

చాలామంది చుట్టుకొలత ఒక్కటే చూస్తారు. అది పట్టీకి పనికొస్తుంది. డయల్‌కి కావాల్సింది మణికట్టు పైభాగం వెడల్పు. చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, స్కేలు అడ్డంగా ఆనించి చూడండి. వాచీకి పట్టీ తగిలించే కొమ్ములు ఉంటాయి కదా, పై కొమ్ము చివర నుంచి కింది కొమ్ము చివర దాకా ఉండే పొడవు ఆ వెడల్పు లోపలే ఉండాలి.

నేను ఇక్కడే దెబ్బతిన్నాను. నా మణికట్టు వెడల్పు 50 మి.మీ. వాచీ పొడవు అంతకంటే తక్కువే, అయినా చొక్కా చేతులు వేసుకున్న ప్రతిసారీ కఫ్‌కి తట్టుకునేది. తీరా చూస్తే దోషం సిలికాన్ పట్టీది. మొదట్లో గట్టిగా ఉండి, కిందికి వంగకుండా రెండు వైపులా రెక్కల్లా నిలబడింది. మెత్తటి గుడ్డ పట్టీ వేశాక కొమ్ముల దగ్గరే కిందికి వాలింది, అదే వాచీ చిన్నదైనట్టు అనిపించింది. వాచీ వాపసు ఇచ్చే ముందు పట్టీ మార్చి చూడండి. కొమ్ములే బయటికి వస్తుంటే మాత్రం ఏ పట్టీ కాపాడదు, చిన్న సైజుకి మారాల్సిందే.

నడుస్తుంటే గుండె వేగం వింతగా చూపిస్తోంది

వాచీ కిందున్న పచ్చ లైటు చర్మం మీద పడి తిరిగొచ్చే వెలుతురుతో నాడిని లెక్కేస్తుంది. వాచీ ఊగితే బయటి వెలుతురు లోపలికి దూరుతుంది. ఒక్కోసారి గుండెను వదిలేసి మీ అడుగుల లెక్కనే చూపిస్తుంది! ఎముక బొడిపె మీద కాకుండా, దానికి ఒక వేలి వెడల్పంత మోచేతి వైపు పెట్టుకోండి. పట్టీని ఒక బెజ్జం బిగించండి. ఒకదానికి వదులు, తర్వాతి దానికి బిగుతు అయితే బెజ్జాలు లేని, అతుక్కునే పట్టీ తీసుకోండి.

చెయ్యి వంచితే బటన్ గుచ్చుకుంటోంది

వాచీ అరచేతి వైపు జారింది. కాస్త పైకి జరపండి. చాలకపోతే సెట్టింగ్స్‌లో ఏ చేతికి పెట్టుకున్నారో, బటన్ ఎటు ఉండాలో మార్చుకునే వీలుంటే, వాచీ తిప్పి పెట్టుకోండి.

దురద, ఎర్రటి మచ్చ

సాధారణంగా సైజు సమస్య కాదు. చెమట, సబ్బు లోపల చిక్కుకుని ఉంటాయి. కడిగి ఆరబెట్టి పెట్టుకోండి, నిద్రప్పుడు కాస్త వదులు చెయ్యండి. తగ్గకపోతే వాడకం ఆపి డాక్టర్‌కి చూపించండి.

ఫొటోలో మరీ పెద్దగా కనిపిస్తోంది

ఫోన్ కెమెరా దగ్గరగా ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది. అద్దం ముందు నిలబడి చూడండి. టెన్షన్ సగం పోతుంది.

చిన్నది కొన్నాం, చార్జింగ్ నిలవట్లేదు

ఇది నిజమైన ఇబ్బందే. గెలాక్సీ వాచ్ 7 సంగతి తీసుకుంటే 40 మి.మీ. దానిలో 300 ఎంఏహెచ్ బ్యాటరీ, 44లో 425. ఎప్పుడూ వెలిగే స్క్రీన్ ఆపేస్తే కొంత కలిసొస్తుంది. అయినా కొమ్ములు వేలాడే పెద్ద వాచీ కంటే రోజూ చార్జింగ్ పెట్టే చిన్నదే నయమని నా అభిప్రాయం. చార్జింగ్‌కి అలవాటు పడ్డాను, కఫ్‌కి తట్టుకోవడానికి మాత్రం అలవాటు పడలేకపోయాను.