మీటింగులో మౌనం, టీ కొట్టు దగ్గర మాటలు: ఆఫీసులో లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

ఉద్యోగులు నీరసపడుతున్నారంటే మన ఆఫీసులు ముందుగా యోగా తరగతి పెట్టిస్తాయి. యోగా మంచిదే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ నీరసాన్ని, అంటే బర్నవుట్‌ను (పనివల్ల పూర్తిగా అలసిపోయి విసిగిపోవడం) వ్యాధిగా లెక్కకట్టలేదు, పనిచేసే చోట సరిదిద్దకుండా వదిలేసిన దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితమని చెప్పింది. అందుకే ముందు వెతకాల్సింది పనిలో.

సమస్య: మీటింగులో ఎవరూ నోరు విప్పరు

మాదాపూర్‌లో తరచూ కనిపించేదే ఇది. “ఏమైనా ఇబ్బందులున్నాయా?” అని మేనేజర్ అడుగుతారు. అందరూ ల్యాప్‌టాప్‌లలోకి తలదించుకుంటారు. కాసేపటికి కింద టీ కొట్టు దగ్గర అసలు సంగతి బయటపడుతుంది: పని గడువులోగా పూర్తికాదు, అది అందరికీ తెలుసు.

కారణం: గతంలో నిజం చెప్పిన వారికి అక్షింతలు పడి ఉంటాయి. లేదా ఆ సమస్యను వారి మెడకే చుట్టి ఉంటారు.

పరిష్కారం: ప్రశ్న మార్చండి. “ఈ గడువు తప్పితే దేనివల్ల తప్పుతుంది?” అని ఒక్కొక్కరినీ అడగండి. కొత్తగా చేరినవారితో మొదలుపెట్టి, సీనియర్లను చివర మాట్లాడనివ్వండి. చెడు వార్త చెప్పినవారిని మెచ్చుకుని ఊరుకోవద్దు. ఆ వారంలోనే గడువు పెంచండి, లేదా పని తగ్గించండి. ఏదీ మారకపోతే రెండోసారి ఎవరూ చెప్పరు.

సమస్య: తలనొప్పులు, నిద్రలేమి, అడుగడుగునా సెలవులు

కారణం: రాత్రి అమెరికా క్లయింటుతో కాల్స్, పొద్దున్నే మళ్లీ లాగిన్. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35-40 గంటలు పనిచేసేవారి కంటే 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి.

పరిష్కారం: రాత్రి కాల్స్‌కు వంతులు వేయండి. రాత్రి కూర్చున్నవారు మర్నాడు మధ్యాహ్నం రావచ్చని నిబంధనల్లో రాసిపెట్టండి. నోటిమాట మేనేజర్ మారగానే ఎగిరిపోతుంది.

సమస్య: ఒకే టీం నుంచి వరసగా రాజీనామాలు

కారణం జీతమని రాసేసి ఫైలు మూసేయకండి. రిలీవింగ్ లెటర్ చేతికి అందేదాకా ఎవరూ మనసులో మాట చెప్పరు. అది అందాక, ఆ మేనేజర్‌తో సంబంధం లేనివారు ఫోన్ చేసి అడగాలి. లైంగిక వేధింపుల సంగతి తేలితే సర్దిచెప్పి పంపేయడం నేరానికి కొమ్ముకాయడమే. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదు అక్కడికే వెళ్లాలి.

ఇవన్నీ యాజమాన్యం చేయాల్సినవి. ఈలోగా నిద్ర పట్టక నలిగిపోతున్నవారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.